పాత పికప్ తెల్లవారుజామున మొరాయిస్తే లోపం ఎక్కడ వెతకాలి

అనంతపురం, కర్నూలు, కడప జిల్లాల్లో చీనీ (బత్తాయి) తోటల నుంచి, టమోటా పొలాల నుంచి, ఉల్లి కల్లాల నుంచి మండీలకు చేరే సరుకులో చాలా భాగం పాత డీజిల్ పికప్‌ల మీదే కదులుతుంది. కక్కలపల్లి మండీకైనా, పత్తికొండ మార్కెట్‌కైనా, అనంతపురం చీనీ మార్కెట్‌కైనా వేలం మొదలయ్యేలోపు సరుకు దిగాలంటే చీకటితోనే బండి కదలాలి. పదేళ్లు దాటిన బండి సరిగ్గా ఆ వేళకే మొరాయిస్తుంది. యజమాని మొదట బ్యాటరీ మారుస్తాడు. కొన్నాళ్లు బాగుండి మళ్లీ మొదటికొస్తే ఇంజన్‌ను తిప్పి స్టార్ట్ చేసే సెల్ఫ్ మోటారు విప్పిస్తాడు. అదీ కుదరకపోతే డీజిల్ పంపు పని చేయిస్తాడు. చివరకు ఎవరో ఒకరు ఇంజన్ బోరుకొచ్చిందని, అంటే సిలిండర్లు అరిగి పెద్ద మరమ్మతు తప్పదని తేల్చేస్తారు. ఇంత ఖర్చూ అయ్యాక అసలు లోపం ఇంజన్‌కూ ఛాసిస్‌కూ మధ్య తుప్పు పట్టిన ఎర్త్ పట్టీలోనో, డీజిల్ గొట్టం చివర సాగిపోయిన రబ్బరులోనో బయటపడిన సందర్భాలు మన షెడ్లలో కొల్లలుగా ఉన్నాయి.

మెకానిక్‌కు పని రాకపోవడం ఇందుకు కారణం కాదు. స్టార్ట్ కావడం లేదనే ఒక్క ఫిర్యాదు వెనుక ఒకదానితో ఒకటి సంబంధం లేని లోపాలు అరడజనుకు పైగా ఉంటాయి, అవన్నీ డ్రైవరుకు ఒకేలా కనిపిస్తాయి. వాటిని విడదీసి చూపే ఆనవాళ్లు ఇంజన్ చల్లగా ఉన్న ఆ మొదటి అర నిమిషంలోనే ఉంటాయి. బండిని నలుగురూ తోసి, ఎలాగో స్టార్ట్ చేసి షెడ్డుకు తెచ్చేసరికి ఇంజన్ వేడెక్కి, గొట్టాల్లో డీజిల్ నిండి, బ్యాటరీకి కొంత చార్జి ఎక్కి, ఆ ఆనవాళ్లన్నీ చెరిగిపోతాయి. అక్కడ మెకానిక్ తాళం తిప్పితే బండి వెంటనే స్టార్ట్ అవుతుంది, ఇక ఆయన అనుభవం మీద ఊహించి చెప్పవలసిందే. అందువల్ల ఈ పరీక్షలో సగం పని బండి రాత్రంతా నిలిచిన చోటే జరగాలి, అది కూడా డ్రైవరో యజమానో చేయవలసిన పని.

ముందుగా డీజిల్ ఇంజన్ ఎలా అంటుకుంటుందో స్పష్టంగా తెలిసి ఉండాలి. పెట్రోల్ ఇంజన్‌లో మాదిరి ఇందులో నిప్పురవ్వ పుట్టించే ప్లగ్గు లేదు. రుడాల్ఫ్ డీజిల్ 1897లో నడిపి చూపిన ఇంజన్ నుంచి నేటి వరకూ సూత్రం ఒక్కటే. సిలిండర్‌లో చేరిన గాలిని ఇంజన్ రకాన్ని బట్టి పదిహేడో వంతు నుంచి ఇరవై రెండో వంతు వరకు నొక్కితే అది 500 డిగ్రీలకు పైగా వేడెక్కుతుంది, ఆ వేడిలోకి సన్నని తుంపరగా చిమ్మిన డీజిల్ తనంతట తానే మండుతుంది. సైకిల్‌కు గాలి కొట్టేటప్పుడు పంపు అడుగుభాగం చేతికి కాలడం కూడా ఇదే సూత్రం. ఆ పంపును నెమ్మదిగా కొడితే గొట్టం వేడెక్కదు. ఇంజన్ కూడా అంతే. సెల్ఫ్ మోటారు దాన్ని నిమిషానికి కనీసం 150 నుంచి 200 చుట్లు తిప్పలేకపోతే, నొక్కిన గాలి పిస్టన్ చుట్టూ ఉండే రింగుల సందుల్లోంచి జారిపోయేందుకు, దాని వేడి చల్లని లోహంలోకి ఇంకిపోయేందుకు వ్యవధి దొరుకుతుంది. కాబట్టి కావలసినవి మూడు: చాలినంత తిరుగుడు వేగం, సమయానికి డీజిల్, జారిపోని కంప్రెషన్ (నొక్కిన గాలి ఒత్తిడి). ఈ మూడింటిలో ఏది కొరవడిందో తేల్చకుండా ఏ భాగాన్నీ విప్పకూడదు.

తాళం తిప్పినప్పుడు వినిపించేది

మొదటి సాక్ష్యం శబ్దం. టకటకమని వేగంగా కొట్టుకుంటే, మోటారుకు కరెంటు కలిపే సోలినాయిడ్‌ను లాగడానికి చాలిన కరెంటు మోటారును తిప్పడానికి చాలడం లేదని, అంటే బ్యాటరీ గానీ దాని తీగలు గానీ బలహీనపడ్డాయని అర్థం. ఒక్కసారి టక్కుమని ఆగిపోతే సోలినాయిడ్ లోపలి రాగి కాంటాక్టులనో, మోటారులోని కార్బన్ బ్రష్షులనో అనుమానించాలి. మోటారు గిర్రున తిరిగి ఇంజన్ కదలకపోతే మోటారును ఇంజన్ చక్రానికి కలిపే బెండిక్స్ గేరు జారుతోంది. ఇవి తేలికగా దొరికే లోపాలు. చిక్కంతా "సెల్ఫ్ తిరుగుతాంది గానీ స్టార్ట్ కాల్యా అన్నా" అని డ్రైవరు చెప్పినప్పుడే వస్తుంది. అది చురుగ్గా తిరుగుతోందా, బరువుగా తిరుగుతోందా అని అడిగితే చాలామంది ఎప్పటిలాగే తిరుగుతోందంటారు. వేగం నెలల తరబడి కొద్దికొద్దిగా తగ్గుతూ వచ్చింది కనుక రోజూ వినే చెవికి ఆ తేడా తెలియదు. అందుకే ఇక్కడ చెవిని నమ్మకుండా మల్టీమీటరు పెట్టాలి. మామూలు మల్టీమీటరు కొనడానికి పెద్దగా ఖర్చు కాదు. పాత బండి నడిపే ప్రతి ఇంట్లో అది ఉండి తీరాలన్నది నా గట్టి అభిప్రాయం.

రాత్రంతా నిలిచిన బండిలో తాళం తిప్పకముందు బ్యాటరీ రెండు టెర్మినళ్ల మధ్య 12.6 వోల్టులు ఉంటే చార్జి నిండుగా ఉన్నట్టు, 12.2 ఉంటే సగానికి పడినట్టు, 12 కంటే తగ్గితే దాదాపు ఖాళీ అయినట్టు. సెల్ఫ్ తిరుగుతున్నంతసేపూ ఆ అంకె 9.6 కంటే దిగకూడదు. నిలిచి ఉన్నప్పుడు 12.6 చూపించి, సెల్ఫ్ కొట్టగానే ఎనిమిదికో ఏడుకో పడిపోయే బ్యాటరీకి లోపల పలకలు పాడయ్యాయి, ఎంత చార్జి ఎక్కించినా లాభం లేదు. మూతలున్న బ్యాటరీ అయితే యాసిడ్ సాంద్రత కొలిచే హైడ్రోమీటరుతో ఆరు సెల్లులనూ చూడాలి. ఏదో ఒక సెల్లు మిగతావాటి కంటే సాంద్రత 0.050 తక్కువ చూపిస్తే ఆ బ్యాటరీ కాలం తీరినట్టే. ఇంజన్ నడుస్తున్నప్పుడు 13.8 నుంచి 14.4 వోల్టుల మధ్య రాకపోతే, కొత్త బ్యాటరీ పెట్టినా ప్రయోజనం ఉండదు. అప్పుడు చూడవలసింది డైనమోను, దాని బెల్టును.

మన ప్రాంతంలో బ్యాటరీ ఆయుష్షును తినేది ఎండ. కర్నూలులో మే నెలలో 42 డిగ్రీలు దాటడం మామూలు, ఇంజన్ పక్కన బానెట్ కింద వేడి అంతకంటే చాలా ఎక్కువగా ఉంటుంది. ఆ వేడికి బ్యాటరీలోని నీరు ఆవిరైపోతుంది, పలకల్లోని సీసపు జాలీ త్వరగా తుప్పు పడుతుంది. దెబ్బ తగిలేది వేసవిలోనే అయినా, ఇంజన్ ఆయిలు చిక్కబడి సెల్ఫ్‌కు బరువు పెరిగే డిసెంబరు, జనవరి ఉదయాల్లో అది బయటపడుతుంది. చలికి బ్యాటరీ పోయిందని అనుకుంటాం గానీ, అది అంతకు ముందు వేసవిలోనే పోయి ఉంటుంది. వేసవిలో నెలకొకసారైనా డిస్టిల్డ్ వాటర్ మట్టం చూడటం ఒక్కటే దీనికి చవకైన జాగ్రత్త. బోరు నీళ్లు మాత్రం పొయ్యకూడదు, మన వైపు నీళ్లలోని లవణాలు బ్యాటరీని చెడగొడతాయి.

తర్వాత బిగించిన మ్యూజిక్ సిస్టమూ, అదనపు లైట్లూ, జి.పి.ఎస్. పెట్టే కూడా చార్జి లాగుతుంటాయి. అన్నీ కట్టేశాక కూడా అర ఆంపియరు కారిపోతుంటే ఒక్క రాత్రికి పెద్ద నష్టం ఉండదు గానీ, పంట లేని రోజుల్లో బండి ఐదు రోజులు కదలకుండా ఉంటే అది 60 ఆంపియర్ అవర్లు అవుతుంది. పికప్ బ్యాటరీలో సగానికి పైగా అలా ఖాళీ అయినట్టే. కట్టేసిన బండిలో 0.05 ఆంపియరు మించి కరెంటు పోకూడదు.

ఇక ఎర్త్, అంటే కరెంటు ఇంజన్, ఛాసిస్ లోహం మీదుగా బ్యాటరీ నెగటివ్‌కు తిరిగొచ్చే దారి సంగతి. డీజిల్ ఇంజన్‌ను తిప్పేటప్పుడు సెల్ఫ్ మోటారు సుమారు 300 ఆంపియర్లు లాగుతుంది. అంత కరెంటు పోయే దారిలో ఓం‌లో వెయ్యింట ఐదు వంతుల అడ్డంకి ఉన్నా చాలు, ఒకటిన్నర వోల్టు అక్కడే ఖర్చయిపోతుంది. ఇంత చిన్న అడ్డంకి కంటికి కనిపించదు, మామూలు టెస్ట్ ల్యాంపు దాన్ని పట్టదు. పట్టాలంటే మీటరు ఎర్ర ముల్లును ఇంజన్ బ్లాకు మీద రంగు లేని శుభ్రమైన లోహానికి, నల్ల ముల్లును బ్యాటరీ నెగటివ్ టెర్మినల్‌కు ఆనించి సెల్ఫ్ కొట్టాలి. అర వోల్టుకు మించి చూపిస్తే ఎర్త్ దారిలో లోపం ఉన్నట్టు. పాజిటివ్ టెర్మినల్ నుంచి సెల్ఫ్ మోటారు బోల్టు వరకు కూడా ఇలాగే చూడాలి. లోపం ఉన్న బండిలో ఎర్త్ పట్టీ విప్పి చూస్తే సంగతి తెలుస్తుంది. బోల్టు గట్టిగానే ఉంటుంది, పైకి పట్టీ బాగానే కనిపిస్తుంది. విప్పాక మాత్రం లగ్గు అడుగున గోధుమరంగు తుప్పు పొర, అల్లిన రాగి తీగల మధ్య పచ్చటి పొడి, ఛాసిస్ వైపు లగ్గు కింద ఎప్పుడో వేసిన రంగు అలాగే కనిపిస్తాయి. రెండు వైపులా ఎమరీ కాగితంతో మెరిసేదాకా గీకి, కొంచెం గ్రీజు పూసి బిగిస్తే, పాత బ్యాటరీతోనే సెల్ఫ్ చురుగ్గా తిరగడం నేను చూశాను. సెల్ఫ్ మోటారు మార్చాలనుకునే ముందు ఈ పని తప్పకుండా చేయాలి.

తోస్తే స్టార్ట్ అవుతోంది కాబట్టి సెల్ఫ్‌లోనే లోపం ఉందని చాలామంది తేలుస్తారు. ఇది సగమే నిజం. తోసినప్పుడు ఇంజన్ సెల్ఫ్ తిప్పే దానికంటే వేగంగా తిరుగుతుంది. ఆ అదనపు వేగంతో కొంత కంప్రెషన్ తగ్గిన ఇంజన్ కూడా అంటుకుంటుంది. గొట్టాల్లో చేరిన గాలి కూడా ఆ ఎక్కువ చుట్లలో బయటికి పోతుంది. కాబట్టి తోస్తే స్టార్ట్ కావడం వల్ల ఇంజన్‌కు ఇంకా వేగం కావాలని తెలుస్తుందే తప్ప ఎందుకు కావాలో తెలియదు. వోల్టేజి అంకెలు సరిగ్గా ఉండి, సెల్ఫ్ చురుగ్గా తిరుగుతూ కూడా స్టార్ట్ కాకపోతే ఇక కరెంటు సంగతి వదిలి సైలెన్సరు వైపు నడవాలి.

పొగ గొట్టం దగ్గర

ఒకరు సెల్ఫ్ కొడుతుంటే మరొకరు వెనుక నిలబడి పొగ చూడాలి. నా దృష్టిలో మొత్తం పరీక్షలో ఇంతకంటే విలువైన సమాచారం ఇచ్చే పని లేదు, దీనికి పైసా ఖర్చు కూడా లేదు. సెల్ఫ్ ఒక విడతకు పది సెకండ్లకు మించి కొట్టకూడదు, విడతకూ విడతకూ మధ్య నిమిషం ఆగాలి, లేకపోతే మోటారు కాలిపోతుంది.

ఇంజన్ తిరుగుతున్నా పొగ గొట్టం నుంచి ఏమీ రాకపోతే సిలిండర్లలోకి డీజిల్ చేరడం లేదు. కళ్లు మండించే వాసనతో తెల్లటి పొగ వస్తుంటే డీజిల్ చేరుతోంది గానీ మండడం లేదు, అంటే వేడి చాలడం లేదు. దానికి కారణం నెమ్మదైన తిరుగుడు కావచ్చు, కంప్రెషన్ కావచ్చు, పంపు టైమింగ్ (డీజిల్ చిమ్మే సమయం) కావచ్చు, డీజిల్‌ను తుంపరగా చిమ్మే నాజిల్ కారడం కావచ్చు. పంపు విప్పి బిగించిన మర్నాటి నుంచే తెల్లపొగ మొదలైతే ఇంకెక్కడా వెతకకుండా టైమింగే చూడాలి. నల్లపొగ వస్తే గాలి చాలడం లేదు. తాడిపత్రి, బేతంచెర్ల వైపు బండల పాలిష్ మిల్లుల మధ్య తిరిగే బళ్లకు ఎయిర్ ఫిల్టరు రాతి పొడితో పూడుకుపోతుంది. అయితే అది ఎక్కువగా లోడు మీద లాగే శక్తి తగ్గించి పొగ పెంచుతుందే గానీ, బాగా పూడితే తప్ప స్టార్టింగ్‌ను అడ్డుకోదు. ఫిల్టరు తీసి ఒకసారి సెల్ఫ్ కొట్టి చూస్తే ఆ అనుమానం తీరిపోతుంది, చూసిన వెంటనే తిరిగి బిగించాలి.

చల్లని ఇంజన్‌లో సిలిండర్‌ను వేడి చేసే హీటర్ ప్లగ్గులను కూడా అనవసరంగా నిందిస్తుంటారు. డీజిల్ నేరుగా సిలిండర్‌లోకి చిమ్మే ఇంజన్ ఆరోగ్యంగా ఉంటే మన జిల్లాల పదిహేను డిగ్రీల చలిలో హీటరు సాయం లేకుండానే అంటుకుంటుంది, అలాంటి ఇంజన్లలో కొన్నిటికి అసలు ప్లగ్గులే ఉండవు. డీజిల్‌ను ముందుగా ఒక చిన్న గదిలో మండించే ప్రీ చాంబరు ఉన్న పాతకాలపు ఇంజన్లకు మాత్రం అవి చాలా అవసరం. ఒక్కో ప్లగ్గు తీగ విడదీసి, బ్యాటరీ పాజిటివ్‌కు కలిపిన 12 వోల్టుల బల్బు తీగను దానికి ఆనిస్తే, బల్బు వెలిగిన ప్లగ్గులో తీగ తెగలేదని తేలుతుంది.

పొగ లేదంటే: డీజిల్ దారి

డీజిల్ చేరడం లేదని తేలితే ముందు అతి చిన్నవి చూడాలి. ఇంజన్ ఆపే కేబులు పూర్తిగా వెనక్కి వెళ్లకుండా సగంలో ఇరుక్కుంటే పంపు డీజిల్ వదలదు. తాళంతో ఆగే రోటరీ పంపులున్న బళ్లలో పంపు తల మీద ఉండే స్టాప్ సోలినాయిడ్‌కు తాళం తిప్పగానే 12 వోల్టులు రావాలి, టిక్కుమని శబ్దం వినపడాలి. ఆ తీగ ఊడిపోయినా, ఫ్యూజు పోయినా బండి కదలదు. డీజిల్ ట్యాంకు మూత పోయి, దాని స్థానంలో ప్లాస్టిక్ కవరు కట్టి దారంతో బిగించిన బళ్లు మన రోడ్ల మీద కనిపిస్తూనే ఉంటాయి. ట్యాంకులోకి గాలి పోయే దారి మూసుకుపోయి, డీజిల్ తగ్గే కొద్దీ లోపల శూన్యం ఏర్పడి, కొంత దూరం నడిచాక ఇంజన్ ఆగిపోతుంది. కాసేపు ఆగితే మళ్లీ స్టార్ట్ అవుతుంది. ఆగిపోయిన వెంటనే కవరు విప్పితే బుస్సుమని గాలి లోపలికి పోవడం వినబడుతుంది.

ఇక అసలు విషయం గాలి. తెల్లవారుజామున చాలాసేపు సెల్ఫ్ కొట్టాక గానీ స్టార్ట్ కాని బండి, పది నిమిషాలు ఆపి మళ్లీ తాళం తిప్పితే ఒక్క చుట్టుకే స్టార్ట్ అవుతుంటే, రాత్రంతా నిలిచినప్పుడు గొట్టాల్లోని డీజిల్ వెనక్కి ట్యాంకులోకి జారిపోతోందని బలంగా అనుమానించాలి. ట్యాంకు ఇంజన్ కంటే కింది మట్టంలో ఉంటుంది. ట్యాంకు నుంచి డీజిల్ లాగే ఫీడ్ పంపులోని వాల్వు మూసుకోకపోయినా, పైన ఎక్కడైనా గాలి దూరే సందు ఉన్నా, డీజిల్ దిగిపోయి ఆ చోటును గాలి ఆక్రమిస్తుంది. డీజిల్‌ను వేల పి.ఎస్.ఐ. ఒత్తిడికి నొక్కవలసిన ప్లంజరు (పంపులోని చిన్న పిస్టన్) గాలిని నొక్కితే అది నలిగి ఊరుకుంటుంది, నాజిల్ తెరుచుకోదు.

ఈ లోపం దొరకకపోవడానికి కారణం అది తడిగా కనిపించకపోవడమే. ఫీడ్ పంపు నుంచి ఇంజన్ వైపు ఉన్న గొట్టాల్లో డీజిల్ ఒత్తిడితో ఉంటుంది కనుక, అక్కడ సందు ఉంటే డీజిల్ బయటికి కారుతుంది, దుమ్ము అంటుకుని నల్లగా కనబడుతుంది. ట్యాంకు నుంచి ఫీడ్ పంపు వరకు ఉన్న గొట్టంలో మాత్రం పీల్పు ఉంటుంది. అక్కడ సందు ఉంటే గాలి లోపలికి పోతుందే తప్ప చుక్క కూడా బయటికి రాదు. గొట్టం పొడిగా, శుభ్రంగా ఉంటుంది, మెకానిక్ చెయ్యి పెట్టి చూసి బాగుందంటాడు.

దీన్ని పట్టడానికి నేను చెప్పే మొదటి పరీక్షకు పనిముట్టే అక్కరలేదు. మన ఊళ్లలో డ్రైవర్లు సెల్ఫ్ మీద నమ్మకం లేక రాత్రిపూట బండిని వాలులో, ముందు భాగం కిందికి ఉండేలా నిలుపుతారు, పొద్దున్నే దొర్లించి గేర్లో వేసి స్టార్ట్ చేస్తారు. అలా నిలిపినప్పుడు బండి తేలికగా అంటుకోవడానికి దొర్లడంతో పాటు మరో కారణం ఉండవచ్చు. ముందు వైపు కిందికి వాలినప్పుడు ట్యాంకు మట్టం ఇంజన్‌తో పోలిస్తే పైకి లేస్తుంది, డీజిల్ వెనక్కి జారదు. కాబట్టి ఒక రాత్రి ముందు భాగం కిందికి, మరో రాత్రి పైకి ఉండేలా నిలిపి, రెండు ఉదయాలూ దొర్లించకుండా సెల్ఫ్‌తోనే స్టార్ట్ చేసి చూడాలి. కిందికి నిలిపిన ఉదయం వెంటనే స్టార్ట్ అయి, పైకి నిలిపిన ఉదయం మొరాయిస్తే లోపం డీజిల్ జారిపోవడంలోనే ఉంది. బ్యాటరీకీ సెల్ఫ్‌కూ కంప్రెషన్‌కూ వాలుతో సంబంధం లేదు.

రెండో పరీక్ష చేతి ప్రైమరు, అంటే గొట్టాల్లో డీజిల్‌ను చేత్తో నింపే చిన్న పంపు. తాళం ముట్టకముందే ప్రైమరును కొట్టి చూడాలి. డీజిల్ నిండుగా ఉంటే అది త్వరలోనే గట్టిపడుతుంది, గాలి ఉంటే చాలాసేపు మెత్తగా ఆడుతుంది. గట్టిపడేదాకా కొట్టి సెల్ఫ్ కొడితే వెంటనే స్టార్ట్ అయితే, గొట్టాల్లో గాలి చేరిందనడంలో ఇక సందేహం లేదు. మూడోది, పంపుకు వెళ్లే రబ్బరు గొట్టం స్థానంలో డీజిల్‌కు తట్టుకునే పారదర్శకపు గొట్టం ఒక జానెడు బిగించి రాత్రంతా వదిలేయడం. గాలి దూరుతుంటే పొద్దున టార్చి వేసి చూసినప్పుడు సగం గొట్టం ఖాళీగా ఉంటుంది, సెల్ఫ్ కొట్టగానే బుడగలు గొలుసులా పరిగెడతాయి.

నార్పల వైపు చీనీ కాయలు తోలే ఒక పికప్ విషయంలో ఈ బుడగలే సంగతి బయటపెట్టాయి. అంతకు ముందు ఒక షెడ్డులో పంపు పూర్తిగా పోయిందని, విప్పి పని చేయాలని చెప్పారు. మేము ట్యాంకును పక్కన పెట్టి, శుభ్రమైన డీజిల్ ఉన్న ఐదు లీటర్ల క్యానును పంపు కంటే ఎత్తులో వేలాడదీసి, కొత్త గొట్టంతో నేరుగా ఫీడ్ పంపుకు కలిపి రాత్రంతా వదిలేశాము. పొద్దున మొదటి విడతలోనే బండి స్టార్ట్ అయింది. పంపు, నాజిళ్లు, కంప్రెషన్ మూడూ నిర్దోషులని అక్కడికక్కడే తేలిపోయింది. తర్వాత ట్యాంకు గొట్టాన్ని వాటర్ సెపరేటరు (డీజిల్‌లోని నీటిని వేరుచేసే పాత్ర) దగ్గర రెండు సగాలుగా విడదీసి ఒక్కోటీ చూస్తే లోపం సెపరేటరుకూ ఫీడ్ పంపుకూ మధ్యనే ఉందని తెలిసింది. క్లిప్పు కింద రబ్బరు గొట్టం ఎండకు బిరుసెక్కి, అంచు పొడవునా వెంట్రుకంత పగులు ఇచ్చి ఉంది. చేత్తో వంచితేనే ఆ పగులు కనిపించింది. గొట్టం చివర అంగుళం కోసి, కొత్త క్లిప్పు, గొట్టాన్ని బిగించే బాంజో బోల్టుకు రెండు కొత్త రాగి వాషర్లు వేయడంతో పని ముగిసింది. పాత రాగి వాషర్‌ను తిప్పి మళ్లీ వేయడం మనవాళ్లకు అలవాటు. ఒకసారి నలిగిన రాగి రెండోసారి సరిగ్గా కూర్చోదు, ఈ చిన్న వాషర్ దగ్గర పిసినారితనం పనికిరాదు. నాజిళ్ల పై నుంచి ట్యాంకుకు వెళ్లే సన్నని రిటర్న్ గొట్టాలు కూడా ఇలాగే బిరుసెక్కి పగులుతాయి, వాటిని ఎవరూ చూడరు.

వేడి మీద మొరాయించే బండి

పొద్దున బాగానే స్టార్ట్ అయి, అరవై కిలోమీటర్లు నడిచి టీ దుకాణం దగ్గర ఆపితే ఇక స్టార్ట్ కాని బండి వేరే జాతి. చల్లబడ్డాక అదే మళ్లీ స్టార్ట్ అవుతుంది. సెల్ఫ్ బరువుగా తిరిగితే వేడికి మోటారులో అడ్డంకి పెరిగింది, బుష్‌లు అరిగి ఆర్మేచరు రాసుకుంటోంది. సెల్ఫ్ చురుగ్గానే తిరిగి పొగ రాకపోతే పంపు లోపలి భాగాలు అరిగాయని గట్టిగా అనుమానించాలి. వేడెక్కిన డీజిల్ పలచబడుతుంది, అరిగిన సందుల్లోంచి తప్పించుకుంటుంది, సెల్ఫ్ వేగంలో నాజిల్‌ను తెరిచేంత ఒత్తిడి రాదు. మన వేసవిలో ఇది మరింత ఎక్కువ. గోనెపట్టాను నీళ్లలో తడిపి పంపు తల మీద కప్పి, కాసేపు ఆగి సెల్ఫ్ కొడితే స్టార్ట్ అయిందంటే అనుమానం రుజువైనట్టే. కాలుతున్న పంపు మీద చన్నీళ్లు నేరుగా కుమ్మరించకూడదు, లోపలి భాగాలు పట్టేసే ప్రమాదం ఉంది.

పంపు పనికి ఇవ్వక తప్పనప్పుడు ఒక మాట అడిగి తీరాలి. నాలుగు స్ట్రోకుల ఇంజన్‌లో పంపు ఇంజన్ వేగంలో సగం వేగంతో తిరుగుతుంది, అంటే సెల్ఫ్ కొట్టేటప్పుడు సుమారు నూరు చుట్లు. బెంచి మీద ఎక్కువ వేగంలో మాత్రమే కొలిచి పంపు బాగుందని చెబితే అది స్టార్టింగ్‌కు సమాధానం కాదు. నూరు చుట్ల దగ్గర ఒక్కో సిలిండరుకు ఎంత డీజిల్ వస్తోందో, పనికి ముందూ తర్వాతా కొలిచి చూపమని అడగాలి. పంపును అరగదీసే వాటిలో కల్తీ ముఖ్యమైనది. ఈ పంపులకు లోపల కందెన డీజిలే. అందులో కిరోసిన్ కలిస్తే ఆ జిడ్డు తగ్గి లోహం లోహాన్ని తింటుంది. వాటర్ సెపరేటరు అడుగు మరను వదులు చేసి నీళ్లు తీయడం మరిచినా ఇదే గతి.

అన్ని నాజిళ్లకూ ఒకే గొట్టంలో (రైలు) ఒత్తిడితో డీజిల్ నిలిపి, కంప్యూటరు నడిపించే కామన్ రైలు పంపు ఉన్న పికప్‌లకు ఇక్కడ చెప్పిన బ్యాటరీ, ఎర్త్, గాలి పరీక్షలు వర్తిస్తాయి గానీ, పైపుల నట్లు వదులు చేసి గాలి తీసే పాత పద్ధతి వాటి దగ్గర ప్రాణాంతకం. ఆ రైలులో వెయ్యి బార్‌లకు పైగా ఒత్తిడి ఉంటుంది, ఆ ధార చర్మాన్ని చీల్చుకుని ఒంట్లోకి దిగుతుంది. వాటిలో రైలు ఒత్తిడి చాలినంత పెరగనిదే కంప్యూటరు డీజిల్ చిమ్మనివ్వదు. స్కానరు పెట్టి ఆ ఒత్తిడిని, ఇంజన్ తిరుగుడును గుర్తించే క్రాంక్ సెన్సరును చూడటం, నాజిళ్ల రిటర్న్‌లో ఏ సిలిండరు నుంచి ఎక్కువ డీజిల్ వస్తోందో కొలవడం అక్కడి మొదటి పనులు.

పెట్రోలు తడిపిన గుడ్డను ఎయిర్ ఫిల్టరు దగ్గర పెట్టడం, స్టార్టింగ్ స్ప్రే కొట్టడం మన షెడ్లలో బాగా వ్యాపించిన అలవాటు. పిస్టన్ పైకి చేరకముందే ఆ ఆవిరి పేలుతుంది, పిస్టన్ రింగులూ కనెక్టింగ్ రాడ్లూ దెబ్బతింటాయి. హీటర్లు వెలుగుతున్న ఇంజన్‌లో అయితే మానిఫోల్డులోనే పేలుడు జరగవచ్చు. ఒక ఉదయం లోడు పోతుందన్న తొందరలో అలా స్టార్ట్ చేసిన బండికి తర్వాత నిజంగానే బోరు పని పడుతుంది.

బోరు పని అనే మాట వినగానే డబ్బు వెతుక్కోకుండా, కంప్రెషన్ అంకె చూపించమని అడగాలి. వాల్వుల సందు ముందుగా సరిచేయించాలి. సందు మరీ బిగుసుకుంటే వాల్వు పూర్తిగా కూర్చోదు, మంచి ఇంజన్ కూడా కంప్రెషన్ తక్కువ చూపిస్తుంది. తర్వాత నాజిల్ స్థానంలో గేజి బిగించి సెల్ఫ్ కొడితే ఆరోగ్యంగా ఉన్న డీజిల్ సిలిండరు 350 నుంచి 450 పి.ఎస్.ఐ. చూపించాలి. 300 కంటే దిగితే చల్లని ఉదయాల్లో కష్టమే. అన్ని సిలిండర్లూ సమానంగా తగ్గితే అది మామూలు అరుగుదల. పక్కపక్క సిలిండర్లు రెండే బాగా తక్కువ చూపిస్తే వాటి మధ్య హెడ్ (సిలిండర్ల పైమూత) కింది గాస్కెట్ పోయి ఉండవచ్చు. ఒక్కటే తక్కువ ఉంటే దానిలో ఒక టీ చెంచా మించకుండా ఇంజన్ ఆయిలు వేసి మళ్లీ కొలవాలి. ఎక్కువ పోస్తే డీజిల్ ఇంజన్‌లో ఖాళీ చాలా తక్కువ కనుక అంకె అబద్ధం చెబుతుంది. ఆయిలు వేశాక ఒత్తిడి బాగా పెరిగితే రింగులు, బోరు అరిగినట్టు. అంకె కదలకపోతే లోపం వాల్వుల్లో ఉంది, అప్పుడు హెడ్ ఒక్కటి దించి వాల్వులు గ్రైండింగ్ చేయిస్తే సరిపోతుంది, కింది భాగం విప్పనక్కరలేదు.